బామ్మర్ది తెచ్చిన బ్రెయిడ్, తాత చేతిలో నైలాన్

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది కావలి. ఆదివారాలు తుమ్మలపెంట బీచికి పోయి గాలం వేస్తుంటాను. 12 అడుగుల రాడ్డు, మామూలు స్పిన్నింగ్ రీలు. మూడేళ్లుగా 0.35 మిల్లీమీటర్ల నైలాన్ దారం, 2 ఔన్సుల సీసం గుండు వాడుతూ వచ్చాను. పోయిన నెల మా బామ్మర్ది సింగపూర్ నుంచి వస్తూ 20 పౌండ్ల బలం ఉన్న బ్రెయిడ్ దారం (సన్న పోగులు అల్లింది), 300 మీటర్ల చుట్ట, తెచ్చి ఇచ్చాడు. పాత దారమంతా పీకేసి దాన్ని చుట్టాను. గట్టి దారం కదా అని గుండు కూడా 4 ఔన్సులకు మార్చాను. మొదటి రోజే చూపుడు వేలు తెగింది. ఇంకా దూరం పోతుందన్నారు, నాకు పది మీటర్లు తక్కువే పడింది. ఒక మంచి చేప తగిలింది గానీ రీలు దారం వదలకుండా పట్టే డ్రాగ్ ఎంత బిగించినా, హ్యాండిల్ ఎంత తిప్పినా దారం లోపలికి రాలేదు. రెండో ఆదివారం గట్టిగా విసిరితే ఠప్పుమని తెగి గుండు ఎటు పోయిందో కూడా కనపడలేదు. అక్కడ రోజూ చేతి గాలం వేసే ఒక తాత ఉన్నాడు. "ఆ నూలుపోగు పారేసి నైలాన్ కట్టుకో అబ్బయా" అంటాడు. అంగడి అతనేమో "నైలాన్ ఇప్పుడెవరు సార్ వాడేది" అంటాడు. ఇంట్లో మా ఆవిడ ఇప్పటికి పట్టిన చేపలు కిలో ఎంత పడ్డాయో లెక్క తీయమంటోంది. రెండింట్లో ఏది ఉంచుకోమంటారు?
— ఒక పాఠకుడు, కావలి

సమాధానం:

తమ్ముడూ, అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమీ అనుకోవద్దు.

మీ ఆవిడ అడిగిన లెక్క మాత్రం ఎప్పటికీ తీయొద్దు. నేను ఒకసారి తీశాను. పెట్రోలు, ఎర రొయ్యలు, పోయిన గుండ్లు, తెగిన దారాలు అన్నీ కూడితే నేను పట్టిన గొరక చేపలు వంజరం కంటే ఖరీదైనవని తేలింది. ఆ కాగితాన్ని అక్కడే చింపేశాను.

ఇక దారం సంగతి. నీ ఉత్తరంలో నాలుగు కష్టాలు చెప్పావు: వేలు తెగడం, దూరం తగ్గడం, దారం రీలులోకి రాకపోవడం, విసరగానే తెగడం. నాలుగుసార్లు చదివాను. ఒక్క వేలు తెగడం తప్ప మిగిలిన మూడూ బ్రెయిడ్ తప్పులు కావు. కట్టిన తీరులో వచ్చిన తప్పులు. ఆ వేలిదైనా సగమే దారం తప్పు. అందుకని ముందు నీ రీలు దగ్గర కూర్చుందాం, ఏది ఉంచాలో తరవాత చూద్దాం.

దారం తెగిన దాంతో మొదలుపెడతాను, ఎందుకంటే నాకు భయం వేసింది అక్కడే. 4 ఔన్సులంటే దాదాపు 113 గ్రాముల సీసం. రాడ్డును వెనక్కి తీసుకుని పూర్తి బలంతో విసిరినప్పుడు ఆ గుండు తన బరువుకు ఎన్నో రెట్ల బలంతో దారాన్ని లాగుతుంది. ఆ క్షణంలో తెగిందంటే గుండు ఎటు పోతుందో విసిరినవాడికి కూడా తెలియదు. నీళ్లలో పడితే పోయింది గుండే. పక్కన అలల్లో ఆడుకునే పిల్లాడి తలకు తగిలితే? ప్రాణం పోయే దెబ్బ అది. తుమ్మలపెంట అయినా, మైపాడు అయినా, అటు కొత్తపట్నం, పాకల అయినా ఆదివారం సాయంత్రం ఇసకంతా జనమే. కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానాలకు వచ్చే జనం గురించి చెప్పనే అక్కరలేదు. ఆ రోజు రాడ్డు ఇంట్లో పెట్టి నువ్వూ స్నానం చేసి రా.

అలల్లో గాలం వేసేవాళ్లు ప్రపంచమంతా పాటించే లెక్క ఒకటుంది. గుండు ఎన్ని ఔన్సులో దాన్ని పదితో హెచ్చించు. అన్ని పౌండ్ల దారం ఆ గుండుకు కావాలి. 4 ఔన్సుల గుండుకు 40 పౌండ్లు, 5 ఔన్సులకు 50. నువ్వు 20 పౌండ్ల దారంతో 4 ఔన్సులు విసిరావు. తెగక ఏం చేస్తుంది? నిజానికి నీ పాత 0.35 నైలాన్ కూడా 2 ఔన్సులకు చాలదు, దాని బలం 12 నుంచి 15 పౌండ్లే ఉంటుంది. మూడేళ్లు గడిచిందంటే ఆ దారం సాగుతుంది కాబట్టి. నైలాన్ తెగే ముందు 15 నుంచి 30 శాతం దాకా సాగుతుంది, కుదుపును అది మింగేస్తుంది. బ్రెయిడ్ ఐదు శాతం కూడా సాగదు. కుదుపు మొత్తం నేరుగా ముడి మీద పడుతుంది.

అయితే 300 మీటర్లూ 40 పౌండ్ల దారమే చుట్టుకోవాలా అంటే, అక్కరలేదు. చివరి ఎనిమిది తొమ్మిది మీటర్లు మాత్రం మందపాటి నైలాన్ కడితే చాలు. దాన్నే షాక్ లీడర్ అంటారు. కొలత ఎలాగంటే, విసరడానికి గుండును రాడ్డు చివర నుంచి ఎంత కిందికి వేలాడదీస్తావో అంత, రాడ్డు పొడవునా కిందికి రీలు దాకా, ఆపైన రీలు మీద ఐదారు చుట్లు. 12 అడుగుల రాడ్డుకు ఇది ఆరు మీటర్ల దాకా వస్తుంది, ముడి కోసి మళ్లీ కట్టుకోవడానికి మిగులు కలిపితే ఎనిమిది. విసిరే క్షణంలో బరువు మోసేదంతా ఈ లీడరే. గుండు గాల్లోకి లేచాక సన్న దారం దాని వెనక పరుగెత్తుకుంటూ పోతుంది, అప్పటికి దాని మీద ఒత్తిడి ఏమీ ఉండదు. 4 ఔన్సుల గుండుతో ఉన్నంతకాలం 40 పౌండ్లకు తగ్గొద్దు, నన్నడిగితే 50 వెయ్యి. గుండు మార్చే ముందు నీ రాడ్డు మీద ఎంత బరువు దాకా విసరొచ్చని రాసి ఉందో కూడా ఒకసారి చూసుకో.

ఈ ముక్క నీకు చుట్ట అమ్మినవాళ్లు గానీ, తెచ్చిన బామ్మర్ది గానీ చెప్పకపోవడం నాకేమీ ఆశ్చర్యం కాదు. నాకూ ఎవరూ చెప్పలేదు. పాకల దగ్గర రెండు గుండ్లు పోగొట్టుకున్నాకనే తెలిసింది.

రెండోది, దారం రీలులోకి రాకపోవడం. పాత దారమంతా పీకేశానని రాశావు చూడు, తప్పు అక్కడ జరిగింది. బ్రెయిడ్ నున్నటి దారం. రీలులో దారం చుట్టుకునే ఖాళీ స్పూలు మీద నేరుగా కడితే అది స్పూలును పట్టుకోదు. మొత్తం చుట్ట చుట్టలాగే స్పూలు చుట్టూ జారి తిరుగుతుంది. డ్రాగ్ బిగించినా లాభం లేదు, ఎందుకంటే జారుతున్నది డ్రాగ్ కాదు. నైలాన్ అయితే బిగిసి కరుచుకుంటుంది. అందుకే బ్రెయిడ్ కింద ఎప్పుడూ కొంత నైలాన్ పరుపులా వేయాలి.

ఆ పరుపు వేస్తే నీ దూరం సమస్య కూడా తీరిపోతుంది. నీ రీలు మీద 0.35 దారం ఎన్ని మీటర్లు పడుతుందో రాసే ఉంటుంది. 250 అనుకుందాం. 20 పౌండ్ల మంచి బ్రెయిడ్ మందం 0.23 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, అంటే అదే చోటులో నైలాన్ కంటే రెండు రెట్ల పైచిలుకు పొడవు పడుతుంది. నీ 300 మీటర్లు చుట్టినా అది 130 మీటర్ల నైలాన్ చోటే తీసుకుంది. స్పూలు సగానికి కాస్త పైన నిండి ఆగిపోయింది. దారం విసిరినప్పుడు ప్రతి చుట్టూ లోతులోంచి ఎక్కి, స్పూలు అంచును రాసుకుంటూ బయటికి రావాలి. నీ పది మీటర్లూ ఆ రాపిడిలోనే పోయాయి. కింద ఒక 110 మీటర్ల పాత నైలాన్ వేసి, దాని మీద బ్రెయిడ్ చుట్టు. అంచుకు రెండు మిల్లీమీటర్లు తక్కువగా నిండాలి. మరీ అంచు దాకా నింపితే చుట్లు గుంపుగా ఊడి చిక్కుపడతాయి.

నీ పాత నైలాన్ పారేయలేదు కదా? కింద పరుపుకు అది చాలు, కొత్తది కొనకు.

చుట్టేటప్పుడు తడిబట్టతో దారాన్ని పట్టుకుని ఇంకొకరు బిగించి ఇస్తుంటే చుట్టాలి. వదులుగా చుట్టిన బ్రెయిడ్ మీద పెద్ద చేప లాగితే పై దారం కింది చుట్లలోకి కోసుకుపోతుంది. తరవాతి సారి విసిరినప్పుడు అక్కడ ఇరుక్కుని మళ్లీ ఠప్పుమంటుంది. మా ఇంట్లో ఈ బట్ట పట్టుకునే ఉద్యోగం మా అబ్బాయిది, జీతం ఒక ఐస్‌క్రీము.

వేలు సంగతికి వస్తాను. సన్న దారం, బరువు గుండు, వట్టి వేలు. తెగుతుంది మరి. వేలికి తోలు తొడుగు దొరుకుతుంది. దొరక్కపోతే పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి వేలికి తొడుక్కో, నేను ఏళ్ల తరబడి దాంతోనే నెట్టుకొచ్చాను. లీడర్ కట్టాక విసిరేటప్పుడు వేలి మీద ఉండేది మందపాటి నైలానే కాబట్టి సగం బాధ దానితోనే పోతుంది. ఇంకో మాట. గాలం కింద దేనికైనా ఇరుక్కున్నప్పుడు బ్రెయిడ్‌ను చేతికి చుట్టుకుని లాగొద్దు. ఎముక దాకా దిగుతుంది. ఒక కర్రముక్కకు నాలుగు చుట్లు చుట్టి, వెనక్కి నడిచి లాగు.

ఇప్పుడు ఆ తాత సంగతి. ఆయన మాట తప్పని అంగడి అతను అంటాడు, నేను అనను. ఆయన చేతి గాలం వేస్తాడని నువ్వే రాశావు. రాడ్డు లేదు, రీలు లేదు, డ్రాగ్ లేదు. పెద్ద జెల్లో టేకు చేపో లాగితే దారం వదలడం, పట్టడం అంతా ఆ అరచేతుల్లోనే జరగాలి. అక్కడ బ్రెయిడ్ పెడితే చేపకంటే ముందు చెయ్యి తెగుతుంది. మందంగా, గుండ్రంగా, సాగుతూ ఉండే నైలానే ఆ పనికి సరి. పైగా ఆయన ఇరవై ముప్పై మీటర్లకు మించి విసరడు, విసరాల్సిన అవసరమూ లేదు. మన తీరంలో ఒడ్డుకు దగ్గరగా, అల విరిగి నురగ పరుచుకునే చోట ఒక పల్లం ఉంటుంది. ఎర తినే చేపలు ఎక్కువగా తిరిగేది ఆ పల్లంలోనే. కొత్తగా రాడ్డు కొన్నవాళ్లు ఆ పల్లం దాటించి ఎనభై మీటర్లకు విసిరి సాయంత్రం దాకా కాచుకుని కూర్చుంటారు, వెనకాల తాత సంచి నింపుకుని ఇంటికి పోతాడు. నువ్వు ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది దారం గురించి కాదు, ఆ పల్లం ఎక్కడుందో కనుక్కోవడం. పాటు సమయంలో, నీళ్లు బాగా వెనక్కి పోయినప్పుడు ఒకసారి ఊరికే నడిచి చూడు. మన దగ్గర పోటుకూ పాటుకూ తేడా మీటరు అటూ ఇటూనే అయినా, ఇసక మేటలు ఎక్కడున్నాయో, మధ్యలో నీళ్లు ఎక్కడ లోతుగా ఉన్నాయో ఆ వేళకు కనపడతాయి. ఒక్క జాగ్రత్త. రెండు మేటల మధ్య అల విరగకుండా ముదురు రంగులో నీళ్లు లోపలికి పోతున్నట్టు కనపడే చోటు ఉంటుంది. చేపలకు మంచి దారి, మనుషులకు చావు దారి. మోకాలి లోతు దాటి దిగొద్దు.

అయినా తాత చెయ్యి వేరు, నీ రాడ్డు వేరు. ఈ రెండు దారాల అసలు గుణం ఏమిటో తెలిస్తే ఏది ఎప్పుడన్నది నీకే తడుతుంది.

మనం మోనో అనేది ఒంటి పోగు నైలాన్. డ్యూపాంట్ కంపెనీలో కరోథర్స్ బృందం 1935లో నైలాన్ తయారుచేసింది. అంతకుముందు గాలాలకు నూలు, జనుము, పట్టుపురుగు పేగు వాడేవారు. తాత నీ బ్రెయిడ్‌ను నూలుపోగు అన్నాడంటే ఊరికే అనలేదేమో, చూడటానికి అది ఆ పాత అల్లిక దారంలాగే ఉంటుంది. లోపల సరుకు మాత్రం వేరు. ఇప్పటి బ్రెయిడ్ ఒకరకం పాలిథిలిన్ పోగులతో అల్లింది. డైనీమా, స్పెక్ట్రా అని చుట్టల మీద రాసేవి ఆ పోగుల పేర్లే. అదే బరువు ఉక్కు తీగకంటే ఎన్నో రెట్లు బలం. ఉప్పునీళ్లలో నానదు. నైలాన్ నీళ్లు పీల్చుకుని కొంత బలం కోల్పోతుంది, ఎండకు పెళుసెక్కుతుంది. బ్రెయిడ్ ఎండకు తట్టుకుంటుంది గానీ వేడికి తట్టుకోదు. దాదాపు 150 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. ముడి పొడిగా బిగిస్తే ఆ రాపిడి వేడే దాన్ని బలహీనం చేస్తుంది. అందుకే ముడి బిగించే ముందు ఉమ్మితో తడపమనేది. ఇది నైలాన్‌కూ మంచిదే.

బ్రెయిడ్ నీళ్ల మీద తేలుతుంది, నైలాన్ మెల్లగా మునుగుతుంది. ఇది పుస్తకాల్లో మాట, ఒడ్డున దీని ఫలితం చూడు. మన తీరం తూర్పుకు తిరిగి ఉంది. ఎండాకాలం మధ్యాహ్నం దాటాక దక్షిణపు గాలి ఒడ్డు వెంబడే కొడుతుంది, అంటే నీ దారానికి అడ్డంగా. బ్రెయిడ్ తేలికగా ఉంటుంది కాబట్టి గాల్లో విల్లులా వంగిపోతుంది. విసిరిన వెంటనే రీలు మీది దారం పట్టే తీగ కమ్మీని, అంటే బెయిల్‌ను చేత్తో మూసి, వదులంతా చుట్టి, దారం బిగించి పెట్టకపోతే అక్కడక్కడ చిన్న చిన్న చిక్కుముళ్లు పడతాయి. వాటిని విప్పడం అంటే ఆ సాయంత్రం అయిపోయినట్టే. అలాంటి రోజు నైలాన్ సుఖం.

అదే నవంబరు, డిసెంబరు అనుకో. ఈశాన్య రుతుపవనాల్లో నీళ్లు ఒడ్డు వెంట దక్షిణానికి బలంగా లాగుతాయి, సముద్రం మట్టి రంగుకు తిరుగుతుంది. మందపాటి నైలాన్ మీద ఆ నీళ్లు తోసే తోపుకు 4 ఔన్సుల గుండు కూడా నిలవదు, పది నిమిషాల్లో నీ ముందు వేసింది ఎవరి కాళ్ల దగ్గరకో చేరుతుంది. సన్న బ్రెయిడ్ నీళ్లను కోసుకుని నిలబడుతుంది. అదే గుండు, అదే చోట. బ్రెయిడ్ మీద డబ్బు పెట్టడానికి నాకు కనపడే మొదటి కారణం ఇదే, దూరం కాదు.

రెండో కారణం, చేప కొరికింది తెలియడం. అరవై డెబ్భై మీటర్ల అవతల గొరక ఎరను తట్టి చూస్తే నైలాన్ సాగుడులో ఆ తట్టు కలిసిపోతుంది. బ్రెయిడ్ అయితే రాడ్డు కొస టక్కుమంటుంది. అలాగని సంబరపడి వెంటనే గుంజొద్దు. ఇక్కడే నేను దెబ్బ తిన్నాను. కొత్తపట్నంలో ఒకసారి తెల్లవారుజామున, బ్రెయిడ్ కొత్త, డ్రాగ్ నైలాన్ రోజుల్లో పెట్టినట్టే బిగించి ఉంది. రాడ్డు విల్లయింది. నేను బలంగా గుంజాను. ఒడ్డుకు పది మీటర్ల దగ్గర అలలో పక్కకు తిరిగింది, వెండిలా మెరిసింది, పండుగప్ప. చేతులు చాచి చూపించమంటే చూపిస్తాను గానీ నువ్వు నమ్మవు. వెనక్కి పోయే అల దాన్ని లాగింది, నేను ఇటు లాగాను, మధ్యలో సాగేది ఏమీ లేదు. గాలం మూతిని చీల్చుకుని వచ్చేసింది. నైలాన్ అయి ఉంటే ఆ ఒక్క అలను దారం భరించేది. ఆ రోజు ఇంటికి వచ్చి మామిడికాయ ముక్కలు వేసి పులుసు పెట్టమని ముందే ఫోన్లో చెప్పిన సంగతి కూడా రాసేస్తున్నా, నవ్వుకో.

అప్పటినుంచి బ్రెయిడ్ అయితే డ్రాగ్ వదులు చేస్తాను, చేత్తో దారం గట్టిగా లాగితే ఊడి వచ్చేంత. చేపను ఒడ్డున వేసేటప్పుడు అలతో పాటు తెస్తాను, అల వెనక్కి పోయేటప్పుడు దారం వదులుతాను. రాడ్డును ఇసకలో పైపులో నిలబెట్టి టీ తాగడానికి పోయేవాళ్లు మరీ జాగ్రత్త. సాగని దారం, బిగిసిన డ్రాగ్, ఇసకలో రెండు జానల లోతు దిగిన పైపు ఉంటే పెద్ద టేకు వచ్చి రాడ్డుతో సహా తీసుకుపోతుంది. పీవీసీ పైపును ఏటవాలుగా కోసి, మూడడుగులకు తగ్గకుండా పెట్టుకుని, లోతుగా దించు. టేకునైనా జెల్లనైనా ఒడ్డున పడగానే చేత్తో పట్టకు. తోక దగ్గర, రెక్కల దగ్గర ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో చెయ్యి పెట్టి ఆసుపత్రికి పో.

ఇసక ఒక చిక్కు. నైలాన్ నున్నగా ఉంటుంది, ఇసక రాలిపోతుంది. గీత పడితే వేలితో తడిమి తెలుసుకోవచ్చు. బ్రెయిడ్ అల్లిక సందుల్లో సన్న ఇసక, ఉప్పు కూర్చుంటాయి. రోజు పూర్తికాగానే మంచినీళ్లతో కడగకపోతే లోపలినుంచి కోస్తాయి. రాళ్లు, ఆల్చిప్పలు దాని అసలు శత్రువులు. బిగిసిన బ్రెయిడ్‌కు ఆల్చిప్ప అంచు తగిలిందా, అంతే. మన బీచిలన్నీ ఇసకే కాబట్టి ఈ బాధ తక్కువ. కృష్ణపట్నం దగ్గర కండలేరు పాయ, ఊటుకూరు వైపు పెన్న కలిసే చోటు, ఇటు గుండ్లకమ్మ మొగ లాంటి చోట్లకు పండుగప్ప కోసం పోతే మాత్రం ముందు ఒకటిన్నర మీటరైనా మందపాటి నైలాన్ లేకుండా విసరొద్దు. హార్బరు గోడల రాళ్ల మీదికి అసలే ఎక్కొద్దు. అక్కడ రానివ్వరు, జారితే తీసేవాళ్లూ ఉండరు.

రాడ్డు మీది రింగులు కూడా చూసుకో. చవక రింగులను బ్రెయిడ్ కోస్తుంది, కోసిన గీత మళ్లీ బ్రెయిడ్‌ను కోస్తుంది. చెవిలో పెట్టుకునే దూది పుల్లతో ప్రతి రింగు లోపలా తుడువు. దూది పోగు ఎక్కడైనా చిక్కుకుంటే ఆ రింగు మార్చు.

ఇక దారం ముడుల సంగతి. లీడర్‌కు బ్రెయిడ్ కట్టడానికి ఇంటర్నెట్‌లో ఎఫ్‌జీ ముడి అని చూపిస్తారు. చాలా సన్నగా, బలంగా ఉంటుంది, గాలిలో చీకట్లో కట్టలేం. నువ్వు రెండు యూని ముళ్లతో మొదలుపెట్టు. రెండు దారాల కొసలూ ఎదురెదురుగా పక్కపక్కన పెట్టి, నైలాన్ కొసతో ఒక ఉచ్చు చేసి బ్రెయిడ్ చుట్టూ నాలుగు చుట్లు, బ్రెయిడ్ కొసతో నైలాన్ చుట్టూ ఎనిమిది చుట్లు. బ్రెయిడ్ జారుతుంది కాబట్టి రెట్టింపు. తడిపి, రెండు ముళ్లనూ ఒకదానికొకటి ఆనేలా మెల్లగా లాగు. కొసలు దగ్గరగా కత్తిరించు. విసిరే ముందు ఆ ముడి స్పూలు మీద కింది అంచు వైపు ఉండేలా చూసుకుంటే బయటికి పోయే చుట్లు దానికి తగలవు. ప్రతి పది పదిహేను విసుర్లకు ఒకసారి గోటితో తడుము. అనుమానం వస్తే కోసి మళ్లీ కట్టు.

గాలం కట్టే చిన్న దారం మాత్రం 15 పౌండ్ల నైలానే ఉంచు, 20 వద్దు. కింద ఇరుక్కుంటే తెగాల్సింది అదే. గాలం ఒక్కటే పోవాలి. వంద మీటర్ల బ్రెయిడ్ సముద్రంలో వదిలి రావడం పాపం. ఊరికే అనడం లేదు. జనవరి నుంచి మార్చి దాకా మన ఇసకలోనే సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, కాళ్లకు దారం చిక్కుకున్న తాబేలు ఈదలేదు. పట్టపుపాళెం వాళ్లు అలివి వల లాగేటప్పుడు ఆ దారం వలలో పడితే కన్ను కన్నుకూ చిక్కుకుంటుంది, లాగే చేతులు కోసుకుపోతాయి. వాళ్లది కూడు, మనది సరదా. వల లాగుతున్న చోటికి రెండు వందల మీటర్ల అవతలికి పో. తెగిన దారం ముక్కలు జేబులో వేసుకుని ఇంటికొచ్చి కత్తెరతో చిన్నవిగా కత్తిరించి చెత్తలో వెయ్యి.

కొనేటప్పుడు చుట్ట మీద రాసిన పౌండ్లను నమ్మొద్దు. పేరు లేని ఒక చవక బ్రెయిడ్ నేనూ కొన్నాను, 40 అని రాసి ఉంది. సూట్‌కేసు తూచే చిన్న కాటాకు కట్టి లాగితే 9 కిలోలకే తెగింది, అంటే 20 పౌండ్లు. దాని మందం మాత్రం 40కి సరిపోయేంత ఉంది. మంచి బ్రెయిడ్ మోనో కంటే మూడు నాలుగు రెట్ల ధర ఉంటుంది. కానీ మూడు నాలుగేళ్లు వస్తుంది. ముందువైపు అరిగితే మొత్తం తిప్పి చుట్టుకోవచ్చు. మోనోను నీలా వారం వారం వాడేవాళ్లు ఏటా మార్చాలి. ఎండలో కారులో వదిలేస్తే ఇంకా ముందే.

నా తీర్పు అడిగావు. నీ బ్రెయిడ్ ఉంచు. కింద పాత నైలాన్, పైన 50 పౌండ్ల లీడర్ వేసి వచ్చే ఆదివారం మళ్లీ పో. మొదటి అరగంట జనం లేని చోట సగం బలంతో విసిరి అలవాటు చేసుకో. స్పూలు ఇంకొకటి దొరికితే దాని మీద 0.40 మోనో చుట్టి సంచిలో ఉంచు. దక్షిణపు గాలి రోజుకు, పిల్లలు వెంట వచ్చి 'నేను పడతా, నేను పడతా' అనే రోజుకు అది. రెండో స్పూలు దొరక్క, చచ్చినా ఒకటే అంటే, బ్రెయిడ్ బామ్మర్దికి తిరిగిచ్చెయ్యి. ఇద్దరు చిన్న పిల్లలతో బీచికి పోయే మనిషి ఒకే దారం పెట్టుకోవాలంటే అది నైలాన్ కావాలని నా అభిప్రాయం. నీకు పిల్లలున్నారో లేదో రాయలేదు, ఉన్నారనుకుని చెబుతున్నా. లేకపోతే బ్రెయిడే.

మళ్లీ సింగపూర్ నుంచి ఏం తెమ్మంటావని బామ్మర్ది అడిగితే ఇంకో చుట్ట బ్రెయిడ్ అనకు. మంచి లీడర్ నైలాన్ 50 పౌండ్లది ఒక చుట్ట, సెరామిక్ రింగులు నాలుగు తెమ్మను. తాతకు కూడా ఆ లీడర్‌లోంచి ఒక యాభై మీటర్లు కోసి ఇవ్వు. చేతి గాలానికి అంత మంచి దారం ఆయనకు ఇక్కడ దొరికి ఉండదు.